మ్యాట్ కింద నీళ్లు

నార్సింగి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయిన సాయంత్రం, వెనక సీట్లోంచి కూతురు దీవెన ఊపిరి పిల్లికూతలా వినిపించడం మొదలైంది.

బయట జడివాన. అద్దాలన్నీ బిగించి ఏసీ వేసి ఉంది. స్టీరింగ్ ముందున్న ఎవాంజెలిన్ వెనక్కి తిరిగి చూసింది. ఆరేళ్ల పిల్ల భుజాలు ఎగరేస్తూ గాలి పీల్చుకుంటోంది.

"అమ్మా, గుండెల్లో పట్టేస్తోంది."

ఎవాంజెలిన్ పన్నెండేళ్లుగా నర్సు. అయినా సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి కంగారులో బ్యాగంతా సీటు మీద కుమ్మరించి వెతుక్కుంది. ఇన్‌హేలర్ రెండుసార్లు కొట్టించింది. తగ్గలేదు. ఏం చేయాలో తోచక ఏసీ ఆపి, అద్దాలు దించేసింది. జల్లు లోపలికి కొట్టి పిల్ల గౌను తడిసింది. కాసేపటికి కూత సన్నగిల్లింది.

ఈ నెలలో ఇది మూడోసారి. బళ్లో రాలేదు, ఇంట్లో రాలేదు. మూడుసార్లూ కారులోనే.

ముందు బండి కదలగానే ఈమె కారూ కదిలింది, వెంటనే బ్రేకు వేయాల్సి వచ్చింది. డాష్‌బోర్డు లోపల ఎక్కడో నీళ్లు గలగలమన్నాయి. ఎవాంజెలిన్ వంగి పక్క సీటు ముందున్న మ్యాట్ ఎత్తి చెయ్యి పెట్టింది. కార్పెట్ నానిపోయి ఉంది. ముక్కిన వాసన.

రెండు వారాల కిందటే మెకానిక్ రామబ్రహ్మానికి ఈ తడి చూపించింది. "ఏసీ నీళ్లే మేడం. పైపు మూసుకుపోయింది, ఊదేశాను. ఇంక రావు" అన్నాడు. ఆమె నమ్మేసింది.

మర్నాడు ఆదివారం. "మీరు పాపని తీసుకుని చర్చికి ఆటోలో వెళ్లండి. నేను రాలేను" అంది భర్తతో.

"కారు మళ్లీ మెకానిక్‌కి ఇద్దాంలే" అన్నాడు సైమన్.

"నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నా కళ్లతో చూడాలండి."

పుప్పాలగూడలోని వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య సక్కుబాయి మొక్కలకు పైపుతో నీళ్లు పెడుతోంది. ఎవాంజెలిన్ ఆమెను పిలిచింది.

"కారు కడగాల్నా అమ్మా?"

"కాదు. నేను లోపల కూర్చుంటాను. నువ్వు నేను చెప్పినచోటే నీళ్లు పొయ్యి."

"గిదేం పనమ్మా!" అని నవ్వి సక్కుబాయి పైపు లాక్కొచ్చింది.

ముందే పైనుంచి పోస్తే నీళ్లు అన్నిచోట్లా జారి, ఏది ఎక్కడిదో తెలియదు. అందుకే కిందనుంచి మొదలుపెట్టించింది. తడి కార్పెట్ మీద ప్లాస్టిక్ కవరు, దానిపైన పొడి న్యూస్‌పేపరు పరిచి, ఫోను లైటు వేసుకుని తల డాష్‌బోర్డు కిందికి దూర్చింది. తలుపు అడుగున అయిదు నిమిషాలు పోసింది సక్కుబాయి. ఏమీ లేదు. అద్దం రబ్బరు మీద పోసింది. ఏమీ లేదు. ఎవాంజెలిన్ మెడ పట్టేసింది. కారణం కారు కాదేమో, బిడ్డ ఊపిరితిత్తుల్లోనే ఏదో ఉందేమో అని భయమేసింది.

"ఇగ వైపర్ల కాడ పోస్తున్న!" బయటినుంచి కేక.

రెండు నిమిషాలు గడిచాయి. పేపరు మీద టప్ మని ఒక చుక్క. ఇంకొకటి. తర్వాత ధార. ఏసీ గాలి విసిరే ఫ్యాన్ పెట్టెలోంచి వస్తోంది.

"ఆపు, సక్కుబాయీ!"

బానెట్ ఎత్తి, వైపర్ల కిందున్న నల్లటి ప్లాస్టిక్ మూత ఊడదీసింది. లోపల గానుగాకులు కుళ్లి బురదైపోయాయి. వాననీళ్లు బయటికి పోవాల్సిన కంతలు పూడిపోయి, నీళ్లు ఫ్యాన్ నోటిదాకా నిలిచాయి. సక్కుబాయి పుల్లతో పొడిచేసరికి నీళ్లు గుడగుడమంటూ కారు కిందికి దిగిపోయాయి.

ఎవాంజెలిన్ గ్లవ్‌బాక్స్ వెనకున్న ఏసీ ఫిల్టర్ లాగింది. తెల్లగా ఉండాల్సిన కాగితం నిండా నల్లటి బూజు. అది చేతిలో పట్టుకుని అక్కడే నేలమీద కూలబడింది.

"దీన్ని నేనే పీల్పించాను. అద్దాలు దించితే దుమ్మొస్తుందని నేనే కసిరేదాన్ని."

"తెల్వక చేసిన్రు. ఇప్పుడు తెల్సింది గద. లేవున్రి" అంది సక్కుబాయి.

సోమవారం రామబ్రహ్మం వచ్చి సీట్లు విప్పి కార్పెట్ బయటికి లాగాడు. దాని కింది స్పాంజి పిండితే అర బకెట్ నీళ్లొచ్చాయి. "నేను అప్పుడే చూడాల్సింది మేడం" అన్నాడు తల దించుకుని. ఫ్యాన్ పెట్టె కడిగి, కొత్త ఫిల్టర్ వేశాడు. కార్పెట్ మూడు రోజులు మేడమీద ఎండింది. దీవెన ఛాతీ పరీక్షించిన డాక్టర్, బూజు పడని పిల్లలకు ఇలాగే అవుతుందన్నాడు.

ఆ తర్వాతి వానకు ఎవాంజెలిన్ ముందు ఒక్కతే గంటసేపు తిరిగి వచ్చింది. కార్పెట్ తడిమి చూసింది. పొడిగా ఉంది. అప్పుడు కూతుర్ని ఎక్కించుకుంది.

రాయదుర్గం సిగ్నల్ దగ్గర వాన ఇంకా పెరిగింది. వెనక సీట్లో దీవెన, బళ్లో స్నేహితురాలి పన్ను ఊడిన సంగతి ఆపకుండా చెబుతోంది. ఎవాంజెలిన్‌కు పన్ను సంగతేమీ చెవికెక్కడం లేదు. మాటకీ మాటకీ నడుమ పిల్ల తీసుకునే ఊపిరి మీదే ఉంది ధ్యాసంతా.

"అమ్మా, వింటున్నావా?"

"వింటున్నానమ్మా. చెప్పు" అంది ఎవాంజెలిన్.