నొక్కిపట్టిన వేళ్ళు

వదిలెయ్యమంటారు, ఎంత తేలికగా అంటారో, నా మోచెయ్యి కింద తన ముసలి అరచెయ్యి పెట్టి, బరువంతా నా మీద పడెయ్యి ఎకువా, నేను మోస్తాగా అంటారు ఆర్హిన్ మాస్టారు, పడేశాననే అనుకుంటాను, ఆయన చటుక్కున చెయ్యి తీసేస్తారు, నాది మాత్రం గాలిలో కొయ్యలా నిలబడే ఉంటుంది, ఐదు వారాలుగా ఇంతే, పియానో మీద ఒక్క మెట్టు, ఒక్క వేలు, భుజం దించు, మణికట్టు బిగించకు, ఇరవై రెండేళ్ళు కేప్ కోస్ట్ చర్చిలో పియానో వాయించినదాన్ని, ఇప్పుడు పసిపిల్లలా ఈ ఒక్క మెట్టు దగ్గర, చిటికెన వేలికి స్పర్శ లేదు, ఉంగరపు వేలు సగం మొద్దుబారింది, పొద్దున కెంకీ ముద్దకు చుట్టిన అరటాకు విప్పలేక మా అమ్మాయి చూడకుండా పళ్ళతో చింపాను, చెయ్యి బాగుపడేదాకా కీర్తనలు ముట్టుకోనని మాస్టారికి మాటిచ్చాను, నిన్న ఆదివారం ముట్టుకున్నాను, ముట్టుకోక ఏం చేయను, కొత్తగా వచ్చిన నర్సు అరబాకీ పియానో వచ్చు, అప్పటికే నా పియానో బల్ల దగ్గర నిలబడి ఉంది, గాయకబృందం పెద్ద కోజో అందరి ముందూ, ఎకువా అక్కా, ఈమధ్య కోడి గింజలేరినట్టు వాయిస్తున్నావు, కాస్త విశ్రాంతి తీసుకోరాదూ అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వి, కూర్చుని, నాలుగు కీర్తనలూ పాత చేతులతోనే దంచేశాను, ఇవాళ మాస్టారు నా ముంజేయి తడిమి, నిన్న వాయించావు అన్నారు, లేదండీ అన్నాను, డెబ్బై ఏళ్ళ మనిషితో అబద్ధం, ఆయన కోప్పడలేదు, మళ్ళీ మొదటి నుంచి, అన్నారు.

మొదటి నుంచి, నాకు నలభై తొమ్మిది, ఎన్ని మొదళ్ళు మిగిలాయి, ఈ చెయ్యి పోతే నేనెవరిని, బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే ఎకువా, ఆ సూదైనా పట్టగలనో లేదో, ఇంటికి పోతాననబోయాను, అంతలో ఆయన, నువ్వు మొదట నేర్చుకున్నది దేని మీద అని అడిగారు, హార్మోనియం మీదండీ, మా నాన్నది, తిత్తికి చిల్లు, కాళ్ళతో ఎంత తొక్కినా గాలి కారిపోయేది, బలంకొద్దీ నొక్కిపట్టకపోతే స్వరం చచ్చిపోయేది, ఆయన నా వేలిని ఒక మెట్టు మీద పెట్టి, ఇది నొక్కు, అలాగే ఉంచు, ఇంకా గట్టిగా, ఇంకా, మోత పెరిగిందా అన్నారు, లేదండీ, తగ్గిపోతోంది, మరి ఎవరి కోసం నొక్కుతున్నావు.

నా భుజం చెవి దాకా లేచి ఉంది, స్వరం ఎప్పుడో అయిపోయింది, నేనింకా నొక్కుతూనే ఉన్నాను, వేలు దిగిన క్షణంలోనే మోగాల్సింది మోగిపోయింది, ఆ తరువాతదంతా ఏ చెవికీ చేరని నా నొప్పే, కళ్ళ నీళ్ళు మెట్ల మీద పడుతున్నాయి, మాస్టారు తుడవలేదు, నన్నూ తుడవనివ్వలేదు, వేలు దానంతటదే పైకి వచ్చింది, భుజం దిగింది, రేపు కోజోకి నేనే చెబుతాను, ఆదివారం అరబా వాయిస్తుంది, నేను వెనక వరసలో కూర్చుని వింటాను, ఇరవై రెండేళ్ళలో ఒక్క కీర్తన కూడా నేను వినలేదు, నొక్కుతూనే ఉన్నాను.