దించిన తలుపు

వడ్రంగి వీధి తలుపును బందుల్లోంచి విడదీసి భుజానికెత్తుకున్నాడు. డెబ్బై ఏళ్ల ఒళ్లు, రంపపు పొడి పట్టిన కనుబొమలు, రెండు వేళ్లు సగమే ఉన్న ఎడమచెయ్యి. పెరట్లో బల్ల మీద దాన్ని పడుకోబెట్టి చిత్రిక పట్టసాగాడు. పన్నెండు రోజులుగా పొద్దున్నే అదే పని. తలుపు పలచబడింది గానీ ఆయన పంతం పలచబడలేదు.

ఆ వీధిని ప్రభుత్వం పెద్ద దుకాణాల సముదాయం కోసం తీసుకుంటోంది. దాంతో ఊరు బాగుపడుతుందట. ఎవరి ఊరో మాత్రం ఎవరూ చెప్పరు. అందరూ సంతకాలు పెట్టేశారు, ఈయన తప్ప. ఒప్పుకోని వాళ్ల తలుపుకి నోటీసు అంటించాలి. గోడకంటిస్తే చెల్లదని పక్క వీధి కేసులో కోర్టు తేల్చేసింది. ఇవాళ సాయంత్రం ఐదులోగా అంటించకపోతే, ఇల్లు తీసుకునే ఉత్తర్వుకు కాలం చెల్లుతుంది.

బంట్రోతు జిగురు డబ్బాతో వచ్చి ఖాళీ గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి అడుగుపెట్టే హక్కు అతనికి లేదు.

"తాతా, ఇవాళ కూడానా?"

"బిగుసుకుపోతోంది నాయనా. కాస్త చెక్కుతున్నాను," పెరట్లోంచే అన్నాడు వడ్రంగి.

"ఇన్నాళ్లు చెక్కితే తలుపేం మిగుల్తుంది?"

"ఇల్లు మిగుల్తుంది."

బంట్రోతు నవ్వాపుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ బల్ల దగ్గరికొచ్చిన వడ్రంగి, గుండె పట్టుకుని కూలబడ్డాడు. భార్య కేకకు ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. ఆసుపత్రికని నలుగురు ఆయన్ని ఆ తలుపు మీదే మోసుకొచ్చారు. గుమ్మం దాటి వీధిలోకి వచ్చేసరికే ప్రాణం పోయింది. తలుపుతో సహా అక్కడే దించారు.

ఐదుకి పది నిమిషాలుందనగా అధికారి బంట్రోతును వెంటబెట్టుకుని వచ్చాడు. తలుపును చూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు.

"అంటించు," అన్నాడు మెల్లగా.

భార్య కళ్లు తుడుచుకుని లేచింది. ఆమెకు దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా ఉంది.

"అంటించుకోండి బాబూ. ముందు ఆయన్ని మీ చేతుల్తో పక్కకి దించండి."

బంట్రోతు కదల్లేదు. అధికారి చుట్టూ చూశాడు. సంతకాలు పెట్టిన వాళ్లంతా వచ్చి తలుపు చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ దారివ్వలేదు. ఐదు దాటింది.

"మళ్లీ మొదట్నించి రావాలి," అన్నాడు అధికారి, తనలో తాను అనుకుంటున్నట్టు.

"రండి. తలుపు దించడం నాకూ వచ్చు," అంది ఆమె.

పెరటి బల్ల చివర, సాయంత్రం తలుపు బిగించడానికని ఆయన నూనె పూసి పెట్టుకున్న కొత్త మరలు వరసగా ఉన్నాయి.