అంకయ్య హోటల్ చూరు కింద

నేను ఒక సత్తు గ్లాసుని. సంతలో అంకయ్య నన్నొక్కదాన్నే కొన్నాడు, మాలపల్లె వాళ్లకు ఒకటి చాలని. హోటల్లో గాజు గ్లాసుల్ని అతనే పైపైన కడిగి పెట్టేవాడు. నన్ను మాత్రం తాగినవాళ్లే తోమి, బయట చూరుకు తగిలించి పోవాలి. అందుకే ఊళ్లో నా అంత శుభ్రమైన గ్లాసు లేదు.

పద్దెనిమిదేళ్లు మార్తమ్మ నాలోనే టీ తాగి పొలానికి వెళ్లింది. ఆమె కొడుకు ఏసుపాదం ఒంగోల్లో డిగ్రీ చదువుతున్నాడు. నాట్ల రోజుల్లో ఒక ఉదయం అతను కాలేజీ స్నేహితులతో వచ్చి లోపల బల్ల మీద కూర్చున్నాడు. వాళ్లలో అన్ని కులాల వాళ్లూ ఉన్నారు, మునసబు కూతురు హైమావతితో సహా.

ఏసుపాదానికి గాజు గ్లాసు ఇమ్మని చెప్పి, హైమావతి నన్ను చూరు నుంచి తీసింది.

"నాకు దీంట్లో పొయ్యి బాబాయ్."

"వద్దు తల్లీ. మీ నాయనకి తెలిస్తే నా కొట్టు పీకిస్తాడు."

"తెలియాలనే వచ్చాం."

అంకయ్య వీధి వైపు చూసుకుంటూ పోశాడు. ఆమె పెదవి చురుక్కుమంది.

"ఇంత కాలుద్దా ఇది?"

"మా అమ్మకి అలవాటే," అన్నాడు ఏసుపాదం.

మర్నాటి నుంచి పల్లెలో ఎవరినీ నాట్లకు పిలవలేదు. హైమావతిని కాలేజీ మాన్పించారు. రెండు వారాలకు ఊరి పెద్దల కబురు వచ్చింది: ఏసుపాదం అందరి ముందూ నాలో టీ తాగితే పనులు ఇస్తామని.

పల్లెలో పొయ్యిలు వెలగడం లేదు. అతను తల వంచుకుని వచ్చాడు. అంకయ్య ఎవరి మొహమూ చూడకుండా టీ పోశాడు. అతను నన్ను పైకెత్తేలోపే మార్తమ్మ జనాన్ని తోసుకొచ్చి లాక్కుంది. వేడి టీ ఆమె చేతి మీద ఒలికింది.

"నేను తాగింది చాలురా. నువ్వు తాగొద్దు."

నన్ను నేల మీద పెట్టి రాయితో కొట్టింది. నేను అణిగిపోయేదాకా కొట్టింది. పెద్దలు లేచి వెళ్లిపోయారు. పనులు ఇవ్వలేదు. కొడుకు చదువు ఆగకూడదని ఆమె క్వారీలో కంకర కొట్టడానికి వెళ్లింది. హైమావతికి హడావిడిగా పెళ్లి చేసేశారని హోటల్లో చెప్పుకున్నారు.

ఇప్పుడు నేను పొయ్యి వెనక బూడిదలో ఉన్నాను. అంకయ్య సంత నుంచి మరో సత్తు గ్లాసు తెచ్చాడు. తళతళలాడుతోంది. పల్లె వాళ్లు రోజూ దాని పక్కనుంచే క్వారీకి నడిచి వెళ్తున్నారు. టీ పొయ్యమని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.