సందు లేని పని

తుపాకి గొట్టం బాడీలోకి ఇంకా పోవడం లేదు. షెడ్డులో అంతా ఆకురాయి బాబాయి అని పిలిచే ముసలి పనివాడు దాన్ని వెలుతురుకెత్తి చూసి, ఒరుసుకుని మెరుస్తున్న చోట ఆకురాయితో రెండుసార్లు రుద్దాడు. మళ్లీ తోశాడు. ఈసారి టక్కున కూర్చుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. ‘ఊఁ’ అనుకుని ఐదో తుపాకిని కూడా బల్ల మీద పెట్టాడు.

వేళ్ల కొసలు అరిగి నున్నబడ్డ మనిషి. తాళాలు చేసే తండ్రి దగ్గర చిన్నప్పుడే ఒక మాట నేర్చుకున్నాడు: సందు కనిపిస్తే పనివాడికి తలవంపులు. ఆ మాట మీదే బతుకంతా నడిచింది. ఇంట్లో డబ్బా మూతల దగ్గర్నుంచి కిటికీ రెక్కల దాకా ఆయన చెయ్యి పడనిది లేదు. “మూత తియ్యాలంటే ఇరుగుపొరుగును పిలవాల్సొస్తోంది” అని భార్య దెప్పేది. ఆయనకది మెప్పులాగే వినిపించేది.

ఈ తుపాకి, షెడ్డులో డ్రాయింగులు గీసే డిజైనరమ్మ కల. బాడీ ఒక్కటే. దగ్గరకు కాల్చాలంటే పొట్టి గొట్టం, దూరానికైతే పొడుగుది, ఏది కావాలంటే అది బిగించుకోవచ్చు. ఇవాళ కొనేవాళ్లు చూసి సరేనంటే షెడ్డు నిలబడుతుంది. లేదంటే మూతే.

వచ్చిన అధికారి కాల్చి చూశాడు. ఒక్క గుండూ గురి తప్పలేదు. ముఖం విప్పారింది. తర్వాత ఐదింటినీ విప్పించి, ముక్కలన్నీ దుప్పటి మీద కలిపేసి, “ఇప్పుడు బిగించండి” అన్నాడు.

ఒక్కటీ పట్టలేదు. అలవాటు కొద్దీ బాబాయి చెయ్యి జేబులోని ఆకురాయి మీదకు పోయింది. “ఒక్క నిమిషం సార్, కాస్త రుద్దితే...”

అధికారి నవ్వాడు. “యుద్ధానికి మిమ్మల్ని కూడా వెంటబెట్టుకెళ్లాలా పెద్దాయనా?”

వాళ్లు వెళ్లాక డిజైనరమ్మ గోడ మీది డ్రాయింగు ముందు నిలబడింది. “వెంట్రుకంత సందు వదలమని గీసింది నేనే బాబాయ్. ఏ గొట్టమైనా ఏ బాడీలోనైనా దూరాలని.”

“మీ లెక్క తప్పిందనుకుని, దేని గొట్టం దానికి సందు లేకుండా నేనే సర్దానమ్మా.” సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. “సాయంత్రం దాకా టైమివ్వండి. సరిచేస్తాను.”

బాడీలన్నిట్లోకీ బిగుతైనదాన్ని వెతికి, దాని రంధ్రం కొలతకు ఒక ఉక్కు ఉంగరం చేశాడు. ప్రతి గొట్టాన్నీ ఆ ఉంగరంలో దూరేదాకా రుద్దాడు. భోజనానికి లేవలేదు. బిగించి ఊపితే సన్నగా గలగలమంది. జన్మంతా అసహ్యించుకున్న చప్పుడు. పళ్లు బిగపట్టి ఓర్చుకుని తర్వాతది అందుకున్నాడు.

ఇంకొక్కటి మిగిలి ఉండగా యజమాని వచ్చాడు. “ఇక ఆపెయ్ బాబాయ్. వాళ్లు వేరేచోట పాత రకానికే సంతకం పెట్టేశారంట. రేపట్నుంచి షెడ్డు తెరవం.”

“ఇదొక్కటీ కానివ్వండి” అన్నాడు తలెత్తకుండా.

అయింది. ముక్కలన్నీ కలిపేసి, కళ్లు మూసుకుని చేతికందినవి బిగించాడు. అన్నీ పట్టాయి.

“పట్టాయమ్మా” అన్నాడు. డిజైనరమ్మ తలూపింది. ఆయన చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, ఎవరికీ చెప్పకుండా గేటు దాటాడు. మళ్లీ ఆ వైపు రాలేదు.

బల్ల మీద ఇనుపరజను మధ్య ఉక్కు ఉంగరం ఉండిపోయింది, లోపలి అంచు అద్దంలా మెరుస్తూ.