దగ్గు నేర్చిన చిలక

ఖళ్... ఖళ్... చివర చిన్న మూలుగు.

ఎండుపుల్ల విరిచినట్టు ఒక దగ్గు.

దర్జీ వాళ్ళింట్లో చచ్చినవాడు దగ్గుతున్నాడట — కుళాయి దగ్గర పక్కింటావిడ చెప్పిందట. గోడకు చెవి ఆనించి మరీ విన్నదట. ఆవిడ చెవికి గోడ అడ్డం కాదు. ఆవిడ నోటికి గడప అడ్డం కాదు.

కానీ ఈసారి అబద్ధం చెప్పలేదు.

దగ్గుతున్నది చిలక.

దర్జీ అక్క తెచ్చిన చిలక. మొగుడు పోయిన మూడో నెలలో ఒక ట్రంకుపెట్టె, ఒక పంజరంతో తమ్ముడి గడప తొక్కింది ఆమె. రెండేళ్ళు మంచాన పడి దగ్గినవాడు, పోతూ పోతూ దగ్గును చిలక గొంతులో మరిచిపోయాడు. ఉన్న ఒక్క ఫొటోలో ముఖాన్ని చెదలు తిన్నాయి. మిగిలింది దగ్గే.

చిలక దగ్గితే చాలు, ఆమె చేయి దానంతటదే నీళ్ళగ్లాసు కోసం వెదికేది.

ఉన్నది ఒకటే గది. కిటికీ కింద కుట్టుమిషను, మిషను పక్కన కత్తిరింపు బల్ల, బల్ల కింద పడక. కిటికీ కొక్కేనికి ఏడేళ్ళుగా దర్జీ భార్య చిలక. కళ్ళు తెరవని పిల్లప్పుడు తెచ్చి, వేలికొసన మెతుకు పెట్టి పెంచుకున్నది. అది మిషనులా టకటకలాడేది. ఆగి, "రేపు రండి" అనేది. బట్టలిచ్చినవాళ్ళతో దర్జీ అనే మాట. మొగుడి నోట అబద్ధం, చిలక నోట ముద్దు.

రెండు కొప్పులు ఒక కప్పు కింద ఇమడవంటారు.

ఇక్కడ రెండు కొప్పులు, రెండు ముక్కులు.

రెండో పంజరం బల్ల చివర. కొక్కేనికీ బల్లకూ మధ్య జానెడు. ఆ జానెడులో ఒక ముక్కు ఊచలు దాటింది, ఒక కాలివేలు తెగింది. కత్తిరించి పెట్టిన తెల్లగుడ్డ మీద ఒక్క నెత్తురు చుక్క. ఎవరి చిలక ముందు పొడిచిందని ఆడవాళ్ళిద్దరూ పొద్దుగూకేదాకా...

చిలకలు ఎప్పుడో మరిచిపోయాయి.

దర్జీ టేపు తీశాడు. జానెడును కొలిచాడు. మిగిలిన లైనింగు గుడ్డతో తెర కుట్టి మధ్యన వేలాడదీశాడు. గుడ్డకు తీరని తగువు లేదని అతని నమ్మకం.

అదే తప్పు.

కనబడినన్నాళ్ళు పొడుచుకున్నాయి. కనబడక — వినసాగాయి.

తెర ఇవతల దగ్గు. తెర అవతల మిషను. వానలు పడ్డాయి, వెలిశాయి. తెర ఇవతల మిషను. తెర అవతల దగ్గు.

గడప బయట నిలబడి చొక్కా కొలతలిస్తున్న పెద్దాయన చాచిన చేతులు దించేశాడు. లోపల జబ్బుమనిషి ఎవరని అడిగాడు. ఎవరూ లేరని దర్జీ చెబుతుండగానే కిటికీ చిలక ఇంకోసారి దగ్గింది. గుడ్డ చంకన పెట్టుకుని ఆయన వెళ్ళిపోయాడు. మిగతా పని పక్కింటావిడ చూసుకున్నది.

బల్ల చివర చిలక మాత్రం "రేపు రండి" అన్నది.

రేపు ఎవరూ రాలేదు.

అక్క తన పంజరం ముందు కూలబడింది. మిరపకాయ చూపింది. జామముక్క చూపింది. బతిమాలింది. టకటకటక... రేపు రండి.

దర్జీ భార్య ఊరుకోలేదు. గిన్నె కడిగినా, చీపురు పట్టినా ఆడబిడ్డకు తగిలే మాటే. చావును పంజరంలో పెట్టి నా ఇంటికి తెచ్చిందన్నది — గోడకు చెప్పినట్టు. గోడా విన్నది, గోడవతల చెవీ విన్నది.

అక్క పని వెతుక్కున్నది. ఒక హాస్టల్లో అంట్లు తోమే పని. మెట్ల కింద పడక. ఒక్క పంజరానికే చోటు.

పొద్దున్నే ట్రంకుకు తాడు కట్టింది. పంజరం అందుకోబోయింది.

ఖళ్... ఖళ్...

కిటికీ దగ్గర. చివర ఆ మూలుగుతో సహా.

చేయి నీళ్ళగ్లాసు వైపు పోయింది.

"అమ్మాయ్," అన్నది, ఈ గదిలో మొదటిసారి మెత్తగా. "నా చిలకను నువ్వుంచుకో. నీ మిషనూ, నీ మాటా ఇప్పుడు దాని దగ్గరే ఉన్నాయి. ఇది నాకియ్యి."

దర్జీ పళ్ళ మధ్య సూదితోనే "ఇచ్చెయ్యవే" అన్నాడు.

ఇస్తే దగ్గు పోతుంది. పోయిన బట్టలొస్తాయి. ఆ సంగతి భార్యకు తెలుసు. తెలిసే పంజరం తలుపు మీద అరచేయి ఆనించింది. ఏడేళ్ళు మెతుకు పెట్టిన వేళ్ళు అవి. ఊచల లోపలినుంచి చిలక ఆ వేళ్ళను మెల్లగా కొరుకుతున్నది.

కొరుకుతూ, దగ్గింది.

ఎండుపుల్ల విరిచినట్టు.

"రెండేళ్ళు విన్నావుగా వదినా. నువ్వే దగ్గి నేర్పుకో."