వెర్నా పళ్లెం

నాగరికతకు మూలం నిప్పా, చక్రమా అని పండితులు యుగయుగాలుగా వాదులాడుకుంటున్నారు గాని, మిన్నెసోటా రాష్ట్రపు వాయవ్య మూలన మాత్రం దానికి మూలం కేకు పళ్లెం అడుగున అంటించిన టేపు ముక్క. దాని మీద ఇంటావిడ పేరుంటుంది. పేరున్న పళ్లెం, తలా ఒక వంటకం తెచ్చే చర్చి విందులు ఎన్ని తిరిగినా సొంత గూటికి చేరుతుంది. పేరు లేనిది అరాచకం.

ఈ ధర్మాన్ని తు.చ. తప్పక పాటించిన మార్లిస్ టోలెఫ్స్‌రూడ్, ఆ ఫిబ్రవరి ఉదయం వేరుశనగ చాక్లెట్ బిళ్లల పళ్లెం తమ్ముడు డ్వేన్ ఒళ్లో పెట్టి, మంచు దారిలో తొంభై మైళ్ల కారు ప్రయాణానికి బయలుదేరింది. గత అక్టోబరులో డ్వేన్ నాలుగు సాయంత్రాలు పక్కింటి వితంతువు వెర్నా షెల్‌స్టాడ్ కిటికీ బయట దొంగచాటుగా నిలబడి లోపలికి చూశాడు. నాలుగోసారి ఆమె అతణ్ణి చూసింది. కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. శిక్ష వేసేముందు లైంగిక మనస్తత్వ పరీక్ష చేయించమని జడ్జి ఆదేశించాడు. తప్పు తెలిసిన మనిషి అని నివేదిక వస్తే ఇంటిపట్టున ఉండి చికిత్స. తప్పును తేలిగ్గా తీసుకుంటున్నాడని వస్తే జైలు.

భయపడవలసిన వేళ మార్లిస్‌కు పట్టరాని ఉత్సాహంగా ఉంది. ఏభై ఆరేళ్లుగా తమ్ముడి నోట పూర్తి వాక్యం రాబట్టడం కన్నతల్లి వల్ల కూడా కాలేదు. ఆ మహాకార్యానికి ఇప్పుడు సాక్షాత్తూ న్యాయస్థానమే నడుం కట్టింది.

"ఎలా ఉందిరా?"

"పర్లేదు."

"ఆ మాట అక్కడ మాత్రం అనకు."

"మరేమనాలి?"

"నిజం."

"అది చాలా పొడుగు, అక్కా."

పరీక్ష చేసే డాక్టర్ పెరెట్టి, మనసులో మాట మొహం మీదే చెప్పే న్యూజెర్సీ నుంచి కొత్తగా వచ్చిన మనిషి. పళ్లెం చూపిస్తే, కేసు తాలూకు వాళ్ల దగ్గర ఏమీ తీసుకోకూడదంది. ముచ్చటగా మూడుసార్లు వద్దన్నాక తీసుకోవడం తమ ఊళ్లో మర్యాద గనుక మార్లిస్ ఓపిగ్గా మళ్లీ అడిగింది, మళ్లీ అడిగింది. నాలుగోసారి అడిగినా వద్దనే ప్రాణి భూప్రపంచంలో ఉంటుందని ఆమె ఎరగదు.

మూడు గంటలపాటు డ్వేన్ వందలకొద్దీ ప్రశ్నలకు అవును, కాదు గీతలు గీశాడు. తర్వాత డాక్టరు అతనితో మాట్లాడింది. ఆపైన, అతని అనుమతితో, మార్లిస్‌ను లోపలికి పిలిచింది.

"మీ తమ్ముడికి జీవితంలో ఎప్పుడూ కోపం రాలేదట. చేసింది ఎంత పెద్ద తప్పండీ అంటే, 'ఇంకా ఘోరం జరిగుండొచ్చు' అన్నాడు. తేలిగ్గా తీసుకుంటున్నాడని రాసుకున్నాను."

మార్లిస్ కుర్చీ అంచుకు జరిగింది. "డాక్టరుగారూ, మా నాన్న చెయ్యి గడ్డి యంత్రంలో పడి మణికట్టు దాకా పోతే, ఆయనా అదే మాటన్నాడు. మా ఊళ్లో అంతకు మించిన ఏడుపు లేదండీ."

"కావచ్చు. కానీ జడ్జికి మీ ఊరి నిఘంటువు పంపలేను గదా. మీ తమ్ముడే తన నోటితో చెప్పాలి. మీరు చెబితే చెల్లదు."

మార్లిస్ వరండాలోకి దూసుకొచ్చింది. డ్వేన్ కుర్చీలో ఉన్నాడు. "ఆవిడకు మన భాష తెలీదురా. అరిచి అమ్ముకునేవాడిలా పైకి చెప్పాలి."

"అలా చెబితే నాటకంలా ఉంటుంది."

"అయితే జైల్లో మర్యాదగా కూర్చో." కోపంగా పక్క కుర్చీలోని పళ్లెం పైకెత్తింది. కూర్చున్నవాడికి దాని అడుగు కనిపించింది.

"అక్కా, ఇది మనది కాదు."

తిప్పి చూసింది. టేపు మీద నీలి సిరాతో: వి. షెల్‌స్టాడ్. హడావిడిలో, తమ్ముడి ఊరి చర్చి విందు నుంచి వచ్చిన పళ్లెం తనదనుకుని పట్టుకొచ్చింది.

డ్వేన్ ఆ పేరును చాలాసేపు చూశాడు. "కిటికీ తెరలు మేకులతో కొట్టించుకుంది. చప్పుడు వినపడింది," అన్నాడు. లేచాడు. తనే వెళ్లి తలుపు తట్టాడు.

లోపలి మాటలు బయటికి రాకుండా గుమ్మం దగ్గరి చిన్న యంత్రం సముద్రఘోష చేస్తోంది. పది నిమిషాలు. పాతిక. నలభై. తమ్ముడు నలభై నిమిషాలు మాట్లాడుతున్నాడు! మార్లిస్ లేచింది, కూర్చుంది, తెలియకుండానే ఆరు బిళ్లలు తినేసింది.

బయటికొచ్చినప్పుడు అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చెప్పావు?"

"కొంచెం."

మూడు వారాలకు నివేదిక వచ్చింది. తొమ్మిదో పేజీలో డ్వేన్ మాట ఉంది: "ఆమె ఇంట్లోనే ఆమెకు భయం పుట్టించాను. ఆ మేకులు కొట్టింది నేనే." కింద డాక్టరు సిఫారసు: చికిత్స, కోర్టు పర్యవేక్షణ, వేరే ఊళ్లో నివాసం. జడ్జి ఒప్పుకున్నాడు. డ్వేన్ పక్క ఊళ్లోని అక్క ఇంటికి మారాడు.

తమ వంశాన్ని ఉద్ధరించిన ఆ పవిత్ర పాత్రను చర్చి పాస్టరు చేత వెర్నాకు సగౌరవంగా పంపించాలని మార్లిస్ వేడినీళ్లలో నానబెట్టింది. వెర్నా పేరున్న టేపు ఊడింది. దాని కింద ఇంకో పాత టేపు ఉంది: "చర్చి వంటగది. బయటికి తీసుకెళ్లరాదు."