చివరి కుళాయి

ఆ ఊళ్ళో నీళ్ళ పెద్దగా ఎన్నికైనవాళ్ళు మొట్టమొదట చేయాల్సిన పని ఇల్లు మారడం. కొండ మీది చెరువులో బయలుదేరిన గొట్టం ఊరంతా తిరిగి ఏ ఇంటి దగ్గర ఆగిపోతుందో, పదవి ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లోనే కాపురముండాలి. ఎవరు పెట్టారో గానీ, బుర్ర ఉన్నవాళ్ళే పెట్టారు ఆ నియమాన్ని. నీళ్ళ పెద్ద ఇంటికి నీళ్ళొచ్చాయంటే ఊరందరికీ వచ్చినట్టే. రాలేదంటే ఎవరూ వచ్చి మొరపెట్టుకోనక్కర్లేదు. పొద్దున్నే మొహం కడుక్కోబోయేసరికి పెద్దకే తెలిసొస్తుంది.

ఈసారి ఆ పెద్దరికం బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మకి దక్కింది. భర్త పోయాక ఆమెకు మిగిలింది అత్తగారూ, నీళ్ళ ఆఫీసులో గొట్టాలు బిగించే మరిదీ. ముగ్గురూ సామాను సర్దుకుని చివరి ఇంటికి వచ్చారు. వాకిట్లో దిగుతూనే అత్తగారు మోకాళ్ళు పట్టుకుని నిట్టూర్చింది.

"ఊరికి పెద్దవయ్యావు, ఊరి చివరికొచ్చి పడ్డావు. ఇదేం పెద్దరికమే తల్లీ."

మొదట్లో కుళాయి సన్నగా కారేది. బిందె నిండేలోపు వంట అయిపోయేది. అత్తగారి మోకాళ్ళకు నిండు తొట్టెడు వేడినీళ్ళు పోస్తే గానీ నొప్పి దిగదు, ఆ తొట్టి ఎన్నడూ సగానికి మించేది కాదు. తరువాత ఉన్నట్టుండి ఒకనాడు కుళాయి పొంగింది. చెరువు దగ్గర తను చేయించిన మరమ్మతు ఫలించిందనుకుంది టీచరమ్మ. అనుకోవడానికి బాగుండే సంగతి దొరికితే మనిషి ఎందుకు, ఎలా అని అడగడు కదా. లెక్కల టీచరైనా అంతే.

అప్పట్నుంచి ఆమె తెల్లవారుజాములు కలల్లా గడిచాయి. సగం నిద్రలో, కళ్ళు మూసుకునే, నీళ్ళ వెంట నడిచేది. చెరువు దిగి, బజారు కింద నుంచి, బడి కింద నుంచి, పడుకున్నవాళ్ళ మంచాల కింద నుంచి నీళ్ళు మెల్లగా వచ్చేవి. ఒక్కో గుమ్మం దగ్గర ఆగి, లోపలికి తొంగిచూసి, పసిపిల్ల ఉన్న ఇంట్లో కాస్త ఎక్కువసేపు ఉండి, చివరికి తన పెరట్లోకి వచ్చి గలగలమనేవి. ఊరంతా తడిసి చల్లగా ఉన్నట్టు ఆమెకు ఒళ్ళంతా తెలిసేది. ఇంత సంతోషం ఆమె ఎరగదు.

ఆ సంతోషంలోంచే కూడలిలో ఫౌంటెన్ పుట్టింది. చిన్నప్పుడెప్పుడో జ్వరంలో పడుకుని, నేలలోంచి నీళ్ళు లేచి ఇంటికప్పు దాటి ఆకాశంలో పువ్వులా విచ్చుకోవడం చూసిందట ఆమె. నీళ్ళు మిగులుతున్నాయి కదా, ఊళ్ళో పిల్లలందరూ చూడనీ అనుకుంది. పెద్ద గొట్టంలోంచి ఒక పాయ అటు మళ్ళించారు. సాయంత్రాలు జనం దాని చుట్టూ చేరి, ఎగిరే తుంపర్లలో మొహాలు తడుపుకుని, ఏదో మరిచిపోయినవాళ్ళలా నిలబడేవారు. పద్ధతిగా ప్రారంభోత్సవం మాత్రం ఆదివారం. ఆమె కొత్తచీర కూడా తీసి పెట్టుకుంది.

శుక్రవారం బడి నుంచి వస్తూ చూస్తే, పక్కింటి టైలరమ్మ కుళాయిని ఊడదీసి కుట్టుమిషను మీద పెట్టుకుని సూదితో కెలుకుతోంది.

"ఏమైంది?"

"నా ఖర్మండీ. మూడోది మార్పించాను, చుక్క రాదు. ఆ పక్కింటి పోస్టుమాను వంటింటి నేలంతా తవ్వించుకున్నాడు, ఆయనకీ అంతే. అందరిదీ ఒకటే రోగం."

"నాకు చెప్పలేదేం?"

"మీకేం చెబుతామండీ? మమ్మల్ని దాటుకుని నీళ్ళు మీ ఇంటికి వస్తున్నాయిగా. లోపం మాలోనే ఉండాలి. పై వీధిలో మా అక్క ఇంటి నుంచి మోసుకొస్తున్నాను, గడిచిపోతోంది. మీరు కంగారు పడకండి."

టీచరమ్మ ఇంటికి వచ్చి, చీరకుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, తమ కుళాయి గొట్టం వెంట చూసుకుంటూ పోయి, స్నానాలగది వెనక తీగపాదు పక్కకి తీసింది. పై వీధి గొట్టం నుంచి గోడ పక్కగా దొంగలా దిగివచ్చిన కొత్త గొట్టమొకటి అక్కడ కనిపించింది. మరిది వచ్చేదాకా ఆమె ఆ గొట్టం పక్కనే కూర్చుంది.

"అమ్మ రాత్రుళ్ళు మూలుగుతుంటే వినలేకపోయాను వదినా," అన్నాడతను తల దించుకుని. "ఒక్క ఇంటికి పట్టే నీళ్ళెంత? ఊరికి తరిగేదేముంది?"

"ఊరికి తరగలేదురా. నా కళ్ళకి గంతలు కట్టావు. కుళాయి పొంగుతోందని నేను ఆ ఫౌంటెన్ పెట్టించాను. ఈ వీధి నీళ్ళే అక్కడ ఎగురుతున్నాయి."

అతను వంగి గొట్టం బిగింపు తడిమాడు. "అయితే గుట్టుగా ఇది పీకేస్తాను. ఫౌంటెన్ పాయ సన్నం చేద్దాం. ఇక్కడ మళ్ళీ నీళ్ళొస్తాయి, ఎవరి మరమ్మతు వాళ్ళకి ఫలించిందనుకుంటారు. మూడోకంటికి తెలియదు."

నిజం చెప్పొద్దూ, ఆ మాట ఆమెకు నచ్చింది. శనివారం సాయంత్రం దాకా నోరు మెదపలేదు. లోపల అత్తగారు తొట్టిలో కూర్చుని, నీళ్ళు తడుతూ, ఎప్పటిదో పాట సన్నగా కూనిరాగం తీస్తోంది. ఆవిరి తలుపు కింద నుంచి వచ్చి టీచరమ్మ కాళ్ళను తాకింది. ఇలాగే ఉండిపోతే ఏం పోయింది అనిపించింది.

అంతలో గోడ మీదుగా టైలరమ్మ తల కనిపించింది.

"మా ఇంట్లో ఇంకోసారి తవ్విస్తున్నామండీ. చప్పుడవుతుంది. మీకు ఇబ్బందేమో, ఏమీ అనుకోకండి."

 తప్పు టీచరమ్మది, క్షమించమని అడుగుతున్నది ఆవిడ. ఆ క్షణాన సిగ్గుతో ఆమెకు నిలువునా చచ్చిపోవాలనిపించింది.

"తవ్వొద్దు," అంది. "వీధిలో అందర్నీ తీసుకుని మా పెరట్లోకి రండి."

అందరూ వచ్చారు. ఆమె తీగపాదు పక్కకి లాగి గొట్టం చూపించింది. ఫౌంటెన్ సంగతీ, శుక్రవారమే తెలిసి కూడా దాచిన సంగతీ చెప్పింది. మరిది మీదికి నెట్టలేదు. తన ఇంట్లో జరిగింది, చూసుకోవలసింది తనే అంది. తడి జుట్టుతో గడపలో నిలబడ్డ అత్తగారు కొడుకు వైపు చూసింది.

"కొయ్యరా."

"నీ మోకాళ్ళు?"

"మోకాళ్ళు నావి, నీళ్ళు వాళ్ళవి. ఇన్నాళ్ళూ ఎవరి దాహంలో కూర్చున్నానో నాకు చెప్పావా? కొయ్యి."

అతను కోశాడు.  పోస్టుమాను తెగిన గొట్టం ముక్క తీసి గోడకు ఆనించాడు. టైలరమ్మ తన చేతుల వంక చూసుకుంటూ నెమ్మదిగా అంది.

"నీళ్ళు మోయడం నాకేం కొత్త కాదండీ. కానీ ఇన్నాళ్ళూ లోపం నాలోనే ఉందనుకున్నాను. నా కుళాయిని తిట్టాను, బిగించినవాణ్ణి తిట్టాను, చెయ్యి జారి బిందె ఒలకబోసిందని నా కూతుర్ని కొట్టాను. మీ కుళాయిని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు."

 ఆ సాయంత్రమే టీచరమ్మ కూడలికి వెళ్ళి, చుట్టూ పిల్లలు చూస్తుండగా, ఫౌంటెన్ తన చేత్తోనే ఆపేసింది. నీళ్ళ పువ్వు వంగి, పొట్టిదై, నేలలోకి జారిపోయింది. ఒక పాప ఏడ్చింది. ఆమెకూ ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆ రాత్రి ఊరి సభలో పదవి వదిలేస్తానంటే ఒప్పుకోలేదు. దిగిపోయి చేతులు దులుపుకోవడం తేలిక, ఆ చివరి ఇంట్లోనే కూర్చుని నీళ్ళు చూసుకో అన్నారు.

ఆదివారం ఇంకా చీకటి విడవకముందే ఆమెకు మెలకువ వచ్చింది. నీళ్ళ వెంట నడుద్దామని కళ్ళు మూసుకుంది గానీ కల రాలేదు. వీధిలో అడుగుల చప్పుడు మాత్రం వినిపించింది. లేచి తలుపు తీసింది. టైలరమ్మ, పోస్టుమాను, ఆ వెనక మిగిలినవాళ్ళూ వట్టి చేతులతో నిలబడి ఉన్నారు.

"మా కుళాయిలు వస్తున్నాయి, బిందెలు కింద పెట్టాం," అంది టైలరమ్మ. "మీ కుళాయి చూసి పోదామని వచ్చాం."

ఆమె పక్కకి తప్పుకుంది. వాళ్ళు ఒకరి తరవాత ఒకరు పెరట్లోకి నడిచి, తీగపాదు ఎత్తి వెనక చూసి, కుళాయి తిప్పారు. గాలి బుసకొట్టింది. చాలాసేపటికి, పక్కిళ్ళ బిందెలన్నీ నిండాక, దారమంత ధార మొదలైంది. ఎవరూ ఆమె మొహం వైపు చూడలేదు, కుళాయినే చూశారు. చూసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు వాళ్ళు వచ్చేసరికి ఆమె తలుపు తీసి ఉంచింది.